నీళ్ళలో ఫ్లేవిన్ రాడికళ్ళు, రేడియేషన్ కెమిస్ట్రీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్లేవిన్ అంటే ఏమిటి? బి2 విటమిన్ మాత్ర వేసుకుంటే మూత్రం పచ్చగా రావడానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. ఆ పసుపు రైబోఫ్లేవిన్‌ది. లాటిన్‌లో ఫ్లేవస్ అంటే పసుపుపచ్చ, పేరు అక్కడిదే. మూడు వలయాలు పక్కపక్కనే అతుక్కుని ఉండే ఐసోఅలోక్సజీన్ అనే చట్రం దీనికి ఆధారం. ఆ చట్రానికి చక్కెర లాంటి చిన్న గొలుసు తగిలిస్తే రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్. గొలుసు చివర ఫాస్ఫేట్ పెడితే ఎఫ్ఎంఎన్, దానికి ఎడినోసిన్ భాగం కూడా జోడిస్తే ఎఫ్ఏడీ. తోక ఏదైనా ఎలక్ట్రాన్లు పుచ్చుకునేది, ఇచ్చేది చట్రమే. నీళ్ళలో ఇది 445 నానోమీటర్ల దగ్గర నీలి కాంతిని బాగా పీల్చుకుంటుంది, 525 పరిసరాల్లో ఆకుపచ్చగా మెరుస్తుంది.

ఫ్లేవిన్ రాడికల్ అంటే?

ఫ్లేవిన్ మామూలుగా రెండు ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. రెండూ తీసుకున్నాక పసుపు పోయి దాదాపు రంగులేనిదవుతుంది. ఒక్కటి మాత్రమే తీసుకుని ఆగితే వచ్చేదే రాడికల్. దానికి జత లేని ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది. పుస్తకాల్లో దీన్ని సెమీక్వినోన్ అంటారు, అంటే సగం దారిలో ఉన్నది.

శరీరంలో ఫ్లేవిన్‌కు ఇంత గిరాకీ ఉండటానికి కారణం ఈ సగం దారే. కొన్ని అణువులు ఎలక్ట్రాన్లను జతగానే ఇస్తాయి, కణాల్లో ఎలక్ట్రాన్లు మోసే ఎన్ఏడీహెచ్ అలాంటిది. సైటోక్రోమ్‌లు అనే ప్రోటీన్లలోని ఇనుము ఒక్కోసారి ఒక్కటే పుచ్చుకుంటుంది. ఈ ఇద్దరి మధ్య చిల్లర మార్చే మనిషి కావాలి. ఆ పని ఫ్లేవిన్ చేస్తుంది, మార్చే క్షణంలో అది రాడికల్‌గా ఉంటుంది.

మరి రేడియేషన్ ఎందుకు? బీకరులో ఏదైనా క్షయకరణి (ఎలక్ట్రాన్లు ఇచ్చే పదార్థం) వేస్తే సరిపోదా?

వేస్తే ఫ్లేవిన్ చకచకా రెండు ఎలక్ట్రాన్లూ తీసేసుకుంటుంది. సగం దారిలో ఉన్నది కంటికి దొరకదు. తటస్థ ద్రావణంలో సగం ఫ్లేవిన్ ఆక్సీకరణ రూపంలోనూ (ఎలక్ట్రాన్లు తీసుకోనిది) సగం క్షయకరణ రూపంలోనూ (రెండూ తీసుకున్నది) ఉండేలా కలిపి వదిలేసినా, సమతాస్థితిలో రాడికల్‌గా మిగిలేది నూటికి ఒకటో రెండో.

రేడియేషన్ పల్స్ (క్షణకాలపు దెబ్బ; ఈ పద్ధతి పేరు పల్స్ రేడియోలిసిస్) చేసే ఉపకారం ఏమిటంటే, లెక్కపెట్టినన్ని ఎలక్ట్రాన్లను సెకనులో పది లక్షల వంతు కంటే తక్కువ కాలంలో నీళ్ళలో పడేస్తుంది. అణువుకు ఒకటి దక్కాక వెంటనే రెండోది రాదు. ఆ కాసేపట్లో రాడికల్ వర్ణపటం తీసుకోవచ్చు, దాని వేగాలు కొలవచ్చు. రేడియేషన్ అనగానే పాడుచేసే దెబ్బ గుర్తొస్తుంది గానీ, ఈ ప్రయోగాల్లో అది ఒక్కో ఎలక్ట్రాన్‌ను లెక్కపెట్టి చేతిలో పెట్టే గుమాస్తా.

రేడియేషన్ నేరుగా ఫ్లేవిన్ అణువును తాకుతుందా?

దాదాపు తాకదు. కొత్తవాళ్ళు తరచూ పొరపడేది ఇక్కడే. లీటరు నీళ్ళలో 55 మోళ్ళ నీరు ఉంటుంది. ప్రయోగంలో ఫ్లేవిన్ గాఢత మహా అయితే 100 మైక్రోమోలార్ (లీటరుకు మోల్‌లో పదివేలవ వంతు). అంటే ఒక్కో ఫ్లేవిన్ అణువు చుట్టూ ఐదున్నర లక్షల నీటి అణువులు. శక్తి అంతా నీళ్ళకే పోతుంది. విరిగిన నీటి ముక్కలు వెళ్ళి ఫ్లేవిన్‌ని కలుస్తాయి. కాబట్టి ఫ్లేవిన్ రేడియేషన్ కెమిస్ట్రీ అని పేరు పెట్టుకున్నా, ముందు తెలియాల్సింది నీటి సంగతి.

నీళ్ళు విరిగితే ఏమేం వస్తాయి? ఎంతెంత?

గామా కిరణాలో వేగంగా వచ్చే ఎలక్ట్రాన్లో తగిలినప్పుడు, తటస్థ నీళ్ళలో ఒక జౌల్ శక్తికి సుమారుగా వచ్చే లెక్క ఇది: హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్ 0.28 మైక్రోమోల్, హైడ్రాక్సిల్ రాడికల్ 0.28, హైడ్రోజన్ పరమాణువు 0.06, హైడ్రోజన్ పెరాక్సైడ్ 0.07, హైడ్రోజన్ వాయువు 0.05 కాస్త అటూ ఇటూ. వీటిని జీ విలువలు అంటారు. పాత పేపర్లలో ఇవే 100 ఎలక్ట్రాన్ వోల్టులకు ఎన్ని అణువులు అనే లెక్కలో 2.7, 2.7, 0.55 అని కనిపిస్తాయి. కంగారు పడొద్దు, 0.1036తో గుణిస్తే ఈ లెక్కలోకి వచ్చేస్తాయి.

ఇందులో అసలు తమాషా హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్. ఏ అణువుకూ చెందకుండా, చుట్టూ నీటి అణువులను కప్పుకుని తిరిగే ఒంటరి ఎలక్ట్రాన్ అది. 1962లో ఎడ్విన్ హార్ట్, జాక్ బోగ్ దాని వర్ణపటాన్ని పట్టుకున్నారు. 720 నానోమీటర్ల దగ్గర శిఖరం, అంటే అది ఉన్నంతసేపూ నీళ్ళు నీలంగా ఉంటాయి. ఉండేది మైక్రోసెకన్లే కాబట్టి మన కంటికి ఆనదు.

ఇందులో ఒకటి ఎలక్ట్రాన్ ఇచ్చేది, ఇంకొకటి లాక్కునేది. రెండూ సమానంగా పుడితే ప్రయోగం గందరగోళం కాదా?

అవుతుంది. హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్ బలమైన క్షయకరణి, హైడ్రాక్సిల్ రాడికల్ బలమైన ఆక్సీకరణి. రెండిటినీ అలాగే వదిలేస్తే ఒకటి ఫ్లేవిన్‌కు ఎలక్ట్రాన్ ఇస్తుంది, రెండోది పక్కనున్న ఫ్లేవిన్ వలయానికి వెళ్ళి అతుక్కుంటుంది. తెర మీద రెండు రంగులు కలిసిపోయిన గీత కనిపిస్తుంది, దాన్ని విడదీయడం నరకం.

అందుకే ద్రావణంలో ముందే వలలు వేస్తారు. ఫ్లేవిన్ రాడికల్ కోసం ఎక్కువగా వాడే జంట నైట్రస్ ఆక్సైడ్, సోడియం ఫార్మేట్. నైట్రస్ ఆక్సైడ్ వాయువును ద్రావణంలో బాగా బుడగలు పోనిస్తే సుమారు 25 మిల్లీమోలార్ కరుగుతుంది. అది హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్‌ని పట్టుకుని హైడ్రాక్సిల్ రాడికల్‌గా మార్చేస్తుంది. ఉన్న క్షయకరణిని కూడా ఆక్సీకరణిగా మార్చడమేమిటి, మనకు కావల్సింది క్షయకరణం కదా అని మొదటిసారి వింటే తల తిరుగుతుంది. తరువాతి మెట్టు చూడండి. ఫార్మేట్ ఆ హైడ్రాక్సిల్ రాడికళ్ళన్నిటినీ, హైడ్రోజన్ పరమాణువులను కూడా పట్టుకుని తాను కార్బన్ డయాక్సైడ్ రాడికల్ అయాన్ అవుతుంది. ఇది ఎలక్ట్రాన్ ఇచ్చే రకం, పొటెన్షియల్ సుమారు −1.9 వోల్టులు (ఈ సంఖ్య ఎంత రుణమైతే ఎలక్ట్రాన్ ఇచ్చే ఊపు అంత ఎక్కువ). అలా మూడు రకాల ముక్కలూ ఒకే రకం క్షయకరణిగా మారిపోతాయి.

ఎలక్ట్రాన్ తోనే నేరుగా పని చేయాలంటే నైట్రస్ ఆక్సైడ్ బదులు ఆర్గాన్ పోనిచ్చి, హైడ్రాక్సిల్ రాడికళ్ళను టెర్షియరీ బ్యుటనాల్‌తో ఏరేస్తారు. దాని నుంచి వచ్చే రాడికల్ మందకొడిది, పెద్దగా అల్లరి చేయదు. ఎదురు దారి కూడా ఉంది. ఫ్లేవిన్‌ని ముందే పూర్తిగా క్షయకరణం చేసి ఉంచుకుని, అజైడ్ రాడికల్‌తో ఒక ఎలక్ట్రాన్ లాగేసినా వచ్చేది అదే సెమీక్వినోన్. సోడియం అజైడ్ మాత్రం విషం, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకండి, ఆమ్లంలో అసలు పోయకండి.

వలలు వేసినా కొన్ని తప్పించుకోవా? లెక్క వేసి చూపిస్తారా?

తప్పించుకుంటాయి. ఎన్ని అనేది రేటు స్థిరాంకాన్ని గాఢతతో గుణించి పోల్చితే తెలిసిపోతుంది. (స్థిరాంకాల యూనిట్ అన్నిచోట్లా లీటర్/మోల్/సెకను.)

హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్ నైట్రస్ ఆక్సైడ్‌తో చర్య జరిపే స్థిరాంకం 9.1×10⁹. గాఢత 0.025 మోలార్. గుణిస్తే సెకనుకు 2.3×10⁸. అదే ఎలక్ట్రాన్ ఫ్లేవిన్‌తో సుమారు 2×10¹⁰ వేగంతో చర్య జరుపుతుంది, అంటే వ్యాపనం (అణువులు నీళ్ళలో కదిలి ఒకదాన్నొకటి చేరడం) అనుమతించినంత వేగంగా. కానీ ఫ్లేవిన్ ఉన్నది 100 మైక్రోమోలారే కాబట్టి సెకనుకు 2×10⁶. ఫ్లేవిన్‌కు దక్కేది నూటికి ఒక్కటి. దక్కినా నష్టం లేదు, దాని వల్ల వచ్చేదీ మనకు కావల్సిన రాడికలే.

హైడ్రాక్సిల్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఫార్మేట్‌తో స్థిరాంకం 3.2×10⁹, ఫార్మేట్ 0.1 మోలార్ ఉంటే సెకనుకు 3.2×10⁸. ఫ్లేవిన్‌తో 10¹⁰ అనుకున్నా సెకనుకు 10⁶. ఫ్లేవిన్ వాటా నూటికి 0.3. బాగానే ఉంది. ఫార్మేట్ అయిపోవస్తోంది కదా అని 0.002 మోలార్ వేసి చూడండి, ఫ్లేవిన్ వాటా పదమూడు శాతం దాటుతుంది. అప్పుడు వర్ణపటం మీద ఎక్కడి నుంచో వచ్చిన బుడిపె ఒకటి కనిపిస్తుంది, దాన్ని కొత్త రాడికల్ అనుకుని వారం రోజులు వెంటాడొచ్చు. నేను వెంటాడాను.

ఇక 10 గ్రే పల్స్ ఇచ్చామనుకోండి. కిలో నీళ్ళకు 10 జౌళ్ళు. మూడు ముక్కలూ కలిపి జౌల్‌కు 0.62 మైక్రోమోల్, కాబట్టి వచ్చే కార్బన్ డయాక్సైడ్ రాడికల్ 6.2 మైక్రోమోలార్. అది ఫ్లేవిన్‌తో సుమారు 3×10⁹ వేగంతో చర్య జరుపుతుంది, 100 మైక్రోమోలార్ ఫ్లేవిన్‌లో సగం కాలం 2.3 మైక్రోసెకన్లు. తమలో తాము కలిసి పోవడానికి వాటికి దానికంటే ఎంతో ఎక్కువ సమయం పడుతుంది, కాబట్టి గెలుపు ఫ్లేవిన్‌దే. పది మైక్రోసెకన్లు దాటేసరికి 6 మైక్రోమోలార్ ఫ్లేవిన్ రాడికల్ తయారు. 570 నానోమీటర్ల దగ్గర దాని శోషణ గుణకం (ఎంత గాఢతకు ఎంత కాంతి పీల్చుకుంటుందో చెప్పే సంఖ్య) 5,000 అనుకుంటే, 1 సెంటీమీటరు సెల్‌లో (ద్రావణం పోసే పారదర్శక గిన్నెలో) కనిపించే మార్పు 0.03. చిన్నదే, కానీ హాయిగా కొలవచ్చు.

పది గ్రే అంటే నీళ్ళు మరిగిపోవా?

ఉష్ణోగ్రత పెరిగేది 0.0024 డిగ్రీలు.

ప్రయోగం అయ్యాక ద్రావణం రేడియోధార్మికం అవుతుందా?

ఈ పనికి మామూలుగా వాడే కొన్ని మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్ పుంజంతో అవదు. ప్రమాదం పుంజం నడుస్తున్నప్పుడే, అందుకే యంత్రం మందమైన గోడల వెనక ఉంటుంది.

కంటికి ఏం కనిపిస్తుంది? రాడికల్ నీలమా ఎరుపా?

పీహెచ్‌ని బట్టి. తటస్థ రాడికల్‌లో 5వ స్థానపు నైట్రోజన్ మీద ఒక ప్రోటాన్ కూర్చుని ఉంటుంది. అది 500 నుంచి 650 నానోమీటర్ల మధ్య వెడల్పుగా పీల్చుకుంటుంది, దాన్నే నీలి సెమీక్వినోన్ అంటారు. ఆ ప్రోటాన్ పోతే రుణావేశపు ఎరుపు సెమీక్వినోన్ మిగులుతుంది. దాని శోషణ 370 దగ్గరా, 480 దగ్గరా. గట్టి ఆమ్లంలో ఇంకో ప్రోటాన్ కూడా ఎక్కి ధనావేశపు రూపం వస్తుంది.

నీలం ఎరుపుగా మారే పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ వదిలేసే పీహెచ్) ఎంత అన్నది పల్స్ రేడియోలిసిస్ తేల్చిన విషయాల్లో ఒకటి. 1969లో లాండ్, స్వాలో అనే పరిశోధకులు రైబోఫ్లేవిన్ మీద చేసిన పనిలో అది 8.3 దగ్గర వచ్చింది. కొలిచే పద్ధతి వినడానికి సులువు: పీహెచ్ 6 నుంచి 11 వరకు బఫర్లు కలుపుకుని, ఒక్కోదాంట్లో ఒకే డోసు పల్స్ ఇచ్చి, 570 దగ్గర ఎంత ఎత్తు వచ్చిందో చూసుకుంటూ పోవడం. ఎత్తు సగానికి పడిన చోట పీకేఏ. అయితే ఎత్తు చదవాల్సింది రాడికల్ పూర్తిగా తయారైన తర్వాత, చావడం మొదలయ్యే లోపు. ఆ కిటికీ పది నుంచి ముప్పై మైక్రోసెకన్ల మధ్య ఉంటుంది. బఫర్ పలచగా ఉంటే ప్రోటాన్ ఎక్కడం దిగడమే ఆలస్యమై సంఖ్య పక్కకు జరుగుతుంది.

రాడికల్ ఎంతసేపు బతుకుతుంది?

ఒంటరిగా ఉంటే చాలాసేపు. దాని శత్రువు ఇంకో ఫ్లేవిన్ రాడికలే. రెండు కలుసుకుంటే ఒకటి రెండో దానికి ఎలక్ట్రాన్ ఇచ్చేసి పసుపు ఫ్లేవిన్‌గా తిరిగి వెళ్తుంది, పుచ్చుకున్నది పూర్తిగా క్షయకరణం చెందిన ఫ్లేవిన్ అవుతుంది. దీన్ని అననుపాత చర్య అంటారు. వేగం 10⁹ స్థాయిలో ఉంటుంది, 6 మైక్రోమోలార్ రాడికల్‌కు సగం కాలం 150 మైక్రోసెకన్లు చిల్లర. డోసు సగానికి తగ్గిస్తే ఆయుష్షు రెట్టింపు అవుతుంది. ఇది మంచి పరీక్ష కూడా. డోసు మార్చినా సగం కాలం మారకపోతే మీ రాడికల్‌ని చంపుతున్నది ఇంకో రాడికల్ కాదు, ద్రావణంలోని మరేదో. ఆ మరేదో సాధారణంగా ఆక్సిజన్.

ఆక్సిజన్ అంత ఇబ్బంది పెడుతుందా?

చాలా. గాలి తగిలిన నీళ్ళలో 0.25 మిల్లీమోలార్ ఆక్సిజన్ ఉంటుంది, ఫ్లేవిన్ కంటే ఎక్కువ. అది హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్‌ని 1.9×10¹⁰ వేగంతో లాక్కుని సూపరాక్సైడ్ అవుతుంది. కార్బన్ డయాక్సైడ్ రాడికల్‌ని కూడా వదలదు. ఫ్లేవిన్‌కు చేరాల్సిన ఎలక్ట్రాన్లు దారిలోనే పోతాయి. ఎలాగో తప్పించుకుని ఫ్లేవిన్ రాడికల్ తయారైనా, ముఖ్యంగా ఎరుపు రూపం, ఆక్సిజన్‌కి ఎలక్ట్రాన్ అప్పజెప్పేస్తుంది. ఫ్లేవిన్ మొదటి ఎలక్ట్రాన్ పొటెన్షియల్ పీహెచ్ 7 దగ్గర సుమారు −0.31 వోల్టులు, ఆక్సిజన్‌ది −0.16. దిగువకు పారే నీరే అది.

కాబట్టి వాయువు పోనివ్వడంలో తొందర పనికిరాదు. కనీసం ఇరవై నిమిషాలు, బుడగలు సన్నగా, మూత బిగుతుగా. సిరంజిలో పట్టి సెల్‌లోకి ఎక్కించేటప్పుడు ఒక్క గాలి బుడగ వెళ్ళినా అప్పటిదాకా చేసింది వృథా. మా దగ్గర ఒకసారి రెండు రోజులపాటు రాడికల్ రావాల్సిన దానికంటే పది రెట్లు వేగంగా చచ్చిపోయింది. రసాయనాలన్నీ మార్చి చూశాం. చివరికి చూస్తే రబ్బరు గొట్టానికి సన్నటి పగులు.

ఇదే రాడికల్‌ని కాంతితో చేయొచ్చు కదా?

చేయొచ్చు, చేస్తారు కూడా. కాంతి పడిన ఫ్లేవిన్ సింగ్లెట్ అనే ఉత్తేజిత స్థితి నుంచి ట్రిప్లెట్ అనే ఇంకో ఉత్తేజిత స్థితికి వెళ్ళి పక్కనున్న దాని నుంచి ఎలక్ట్రాన్ లాక్కుంటుంది. కానీ అప్పుడు సింగ్లెట్, ట్రిప్లెట్, రాడికల్, ఎలక్ట్రాన్ ఇచ్చిన దాత రాడికల్, అన్నీ ఒకే గదిలో ఉంటాయి. పైగా ఫ్లేవిన్ తన తోకనే తాను కొరుక్కుంటుంది. తటస్థ ద్రావణంలో లూమిక్రోమ్, క్షారంలో లూమిఫ్లేవిన్ అనే తోక తెగిన అణువులు మిగులుతాయి. రేడియేషన్ దారిలో ఉత్తేజిత స్థితుల గొడవ లేదు. ఎన్ని ఎలక్ట్రాన్లు వెళ్ళాయో డోసు నుంచే తెలుస్తుంది కాబట్టి శోషణ గుణకాన్ని లెక్కకట్టడం సులువు. నా ఓటు దీనికే.

పల్స్ ఇవ్వకముందే నా సిగ్నల్ గీత పక్కకు జరిగిపోతోంది. ఎందుకు?

దీపం. శోషణ చూడటానికి వాడే జెనాన్ దీపం చాలా ప్రకాశవంతమైనది, మీరు రికార్డు బటన్ నొక్కేలోపే అది ఫ్లేవిన్‌ని నాశనం చేయడం మొదలుపెడుతుంది. ఒకే రంగు కాంతిని ఏరే మోనోక్రోమేటర్ ఉండేది సెల్ తర్వాత కదా, కాబట్టి మీరు చూసేది 570 అయినా సెల్ మీద పడేది తెల్ల కాంతి మొత్తం. దీపానికీ సెల్‌కీ మధ్య నీలి, అతినీలలోహిత కాంతిని కోసేసే ఫిల్టర్ పెట్టండి. షట్టర్ పల్స్‌కు కొద్ది క్షణాల ముందే తెరుచుకునేలా చూడండి. 450 దగ్గర పసుపు తగ్గుదల కొలవాలంటే ఈ ఫిల్టర్ కుదరదు, అప్పుడు షట్టర్ ఒక్కటే దిక్కు.

పల్స్ పడిన క్షణంలోనే కనిపించే నిటారు ముల్లు మాత్రం వేరే విషయం. అది చెరెంకోవ్ కాంతి, ఎలక్ట్రాన్ పుంజం నీళ్ళలో దూసుకుపోయేటప్పుడు పుట్టే మెరుపు. ఖాళీ నీళ్ళతో ఒకసారి రికార్డు చేసి తీసేయండి.

డోసు ఎంతో ఎలా తెలుసుకుంటారు?

తెలిసిన చర్యతో. నైట్రస్ ఆక్సైడ్ నింపిన పొటాషియం థయోసయనేట్ ద్రావణంలో పల్స్ ఇస్తే, 475 నానోమీటర్ల దగ్గర రాడికల్ అయాన్ ఒకటి వస్తుంది, శోషణ గుణకం సుమారు 7,600. దాని ఎత్తు నుంచి డోసు లెక్కకడతారు. రోజు మొదట్లో ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చేయడం మంచిది, యంత్రం మూడ్ మారుతూ ఉంటుంది.

హైడ్రాక్సిల్ రాడికల్ ఫ్లేవిన్‌ని ఏం చేస్తుంది?

ఎలక్ట్రాన్ లాక్కోవడం కంటే వలయానికి అతుక్కోవడమే ఎక్కువ. ఏ స్థానంలో అన్నదానికి కచ్చితమైన పట్టింపు లేదు, అందుకే ఒకటి కాదు, రాడికళ్ళ గుంపు వస్తుంది. వర్ణపటం ముద్దగా ఉంటుంది, చివర్లో మిగిలేవి తిరిగి ఫ్లేవిన్ కాలేని ముక్కలు.

ఫ్లేవిన్ లాంటివి అని వేటిని అంటారు?

ఒక్క పరమాణువు మార్చినా స్వభావం ఎంత మారుతుందో చూడటానికే వీటి మీద అంత ఆసక్తి. 5వ స్థానపు నైట్రోజన్ బదులు కార్బన్ పెడితే డీఅజాఫ్లేవిన్. మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవుల్లోని ఎఫ్420 అనే సహ ఎంజైమ్ ఈ జాతిదే, 420 దగ్గర పీల్చుకుంటుంది కాబట్టి ఆ పేరు. దీని రాడికల్ ఫ్లేవిన్‌ది కంటే చాలా బలమైన క్షయకరణి, రెండు కలిస్తే జతకట్టి డైమర్ అవుతుంది. నైట్రోజన్ పోవడంతో సగం దారిలో నిలబడే ఓర్పు పోయిందన్నమాట. ఎఫ్420 జీవుల్లో రెండు ఎలక్ట్రాన్లనూ జతగానే మోయడం వెనక ఉన్నదీ ఇదే. లూమిక్రోమ్‌లో వలయాలు అవే, హైడ్రోజన్ కూర్చునే చోటు వేరు. లూమజీన్‌కు బెంజీన్ వలయమే ఉండదు.

మరి ఎంజైమ్‌లలో ఇదే రాడికల్ గంటల తరబడి ఎలా నిలుస్తుంది?

ప్రోటీన్ జేబులో ఒక్కటే కూర్చుంటుంది, ఇంకో రాడికల్ వచ్చి తగిలే వీలు లేదు. ఆపైన 5వ నైట్రోజన్ మీది ప్రోటాన్‌కు ప్రోటీన్ గొలుసు హైడ్రోజన్ బంధం ఇస్తే నీలి రూపం స్థిరపడుతుంది, ఫ్లేవోడాక్సిన్ అనే ప్రోటీన్‌లో జరిగేది ఇదే. దగ్గర్లో ధనావేశం ఉంటే ఎరుపు రూపానికి మొగ్గు. నీళ్ళలో కొలిచిన 8.3 అనే సంఖ్య విలువ ఇక్కడ తెలుస్తుంది. ప్రోటీన్ ఏ మేరకు బలవంతం చేసిందో చెప్పడానికి అదే కొలబద్ద.

ఒకే సెల్‌లో ఎన్ని పల్సులు ఇవ్వొచ్చు?

రెండు మూడు, అంతే. ప్రతి పల్స్ తర్వాత సగం రాడికళ్ళు ఫ్లేవిన్‌గా తిరిగి వచ్చినా మిగతా సగం క్షయకరణ రూపంలో పోగవుతాయి. ముప్పై రెండు పల్సులు, అంటే సుమారు 320 గ్రే దాటితే, 100 మైక్రోమోలార్ ఫ్లేవిన్ మొత్తం రంగు పోగొట్టుకుంటుంది, మెరుపు కూడా ఆరిపోతుంది. అలా తెల్లబడిన సెల్‌ని పారబోసే ముందు ఒకసారి మూత తీసి బల్ల మీద పెట్టి చూడండి. గాలి తగిలే పైఅంచు దగ్గర సన్నటి పసుపు గీత వస్తుంది, చూస్తుండగానే కిందికి దిగుతుంది. సెల్‌ని ఒక్కసారి కుదిపితే మొత్తం పసుపైపోతుంది.